మూడో భాగానికి ఐదో స్థానం

ముప్పై మూడేళ్ళ వయసుకే రిటైరైన మనిషిని సూరత్‌లోని మా లింబాయత్‌లో నేను తప్ప ఇంకొకణ్ణి చూడలేదు. ఒకే తెర ఉన్న టాకీసులో పదకొండేళ్ళు బొమ్మా, సౌండూ చూసుకున్నాను. ఆ టాకీసు మూతపడి చీరల గోదామైంది. అలాంటి పని సూరత్‌లో మళ్ళీ దొరకదు, నేనూ వెతకలేదు. ఆ వృత్తి వరకు రిటైరైనట్టే లెక్క.

ఈ మధ్య మా బస్తీ నుంచి ఇద్దరు డిప్లొమా ముగించి, మాల్‌లోని ఎనిమిది తెరల హాల్లో టెక్నీషియన్లుగా చేరారు. ఏం చదవాలి అన్నా, అని అడిగితే మాన్యువళ్ళ పేర్లు చెప్పాను. ఇంటికొచ్చాక, నాకు పనికొచ్చినవాటిలో సగం ఏ మాన్యువల్లోనూ లేవని గుర్తొచ్చింది. అవి రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, లైసెన్సు కాగితాలు ఎక్కడ తిరిగాయి అన్నవి రాయను. ఇందులో నలుగురు మనుషులు, ఒక బోర్డు, నేను చేసిన ఒక తప్పు ఉన్నాయి.

మెడలు చూడాలి

నేను చేరేనాటికి రీళ్ళు పోయి డిజిటల్ వచ్చేసింది. ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి కాబట్టి మిషను రెండు రోజుల్లో అర్థమైంది. మా చీఫ్ ఆపరేటర్ యూసుఫ్ చాచా రీళ్ళ కాలం మనిషి. అప్పటికే మోకాళ్ళ నొప్పులు. స్క్రీను మీది మెనూలో సగం అక్షరాలు ఆయనకు ఆనేవి కావు. ఈయన కుర్చీ తొందర్లోనే నాదవుతుందని లోలోపల అనుకునేవాణ్ణి.

మొదటి వారం నేను అంకెలు చూస్తూ కూర్చుంటే, చాచా కేబిన్ కిటికీ దగ్గరకు పిలిచి కిందికి చూపించాడు. ఆయన మాట్లాడేది సూరతీ హిందీ. తెలుగులో రాస్తున్నాను.

"ఏం కనపడుతోంది?"

"బొమ్మ."

"బొమ్మను టికెట్టు కొన్నవాడు చూస్తాడు. నువ్వు మెడలు చూడు."

కింద నాలుగు వందల మెడలు. అంతా సరిగా ఉన్నంతసేపు అవి కదలవు. డైలాగు వినపడకపోతే పక్కవాడి వైపు తిరుగుతాయి. ఫోకస్ చెదిరితే ముందుకు సాగుతాయి. సౌండు మరీ ఎక్కువైతే భుజాల్లోకి దిగుతాయి. మీటర్లు చెప్పని సంగతులు నాకు చాలాసార్లు మెడలు చెప్పాయి. ఒక్కసారి మాత్రం అవి కూడా చెప్పలేదు.

షిఫ్టు దిగిన చెవులు

మా ప్రేక్షకుల్లో ఎక్కువమంది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్ళు. సిరిసిల్ల, కరీంనగర్ల నుంచి తాతల నాడే వచ్చిన మా నేత కుటుంబాలు, ఒడియావాళ్ళు, మరాఠీవాళ్ళు. పన్నెండు గంటలు సాంచాల మోతలో నిలబడి వచ్చినవాడికి కొన్ని గంటలపాటు లోకం చెవుల్లో దూది పెట్టుకున్నట్టు వినపడుతుంది. మాన్యువల్లో రాసిన సౌండు స్థాయి వాడికి చాలదు.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టాను. షిఫ్టు దిగాక వచ్చే ఆటకు రెండు గీతలు పెంచాలి. సాంచాలకు సెలవున్న రోజు మధ్యాహ్నం ఆటకు మామూలు స్థాయి చాలు. చిన్నపిల్లలు ఎక్కువగా వస్తే ఒక గీత తగ్గించాలి. వాన పడుతుంటే రేకుల కప్పు మోతకు ఒక గీత పెంచాలి. మేనేజరు పరేశ్‌భాయ్ ఆ బుక్కు చూసి, "ఇంజనీర్ సాబ్" అని పిలవడం మొదలుపెట్టాడు.

ఆ బుక్కు వల్ల హాలుకు మేలే జరిగింది. నాకు మాత్రం ఒక చెడుపు జరిగింది. సాంచాల మనిషి చెవి పాడైన చెవి అని, ఏ పేజీలోనూ రాయకుండానే, మనసులో రాసేసుకున్నాను.

హౌస్‌ఫుల్ బోర్డు వెనక

ఆ పదకొండేళ్ళలో మా హాలును నిలబెట్టింది ఒక సాహసాల సిరీస్. దాని ఇంగ్లీషు పేరు పొడుగ్గా ఉంటుంది, మావాళ్ళెవరూ పలకలేదు. హీరో భూములు కొలిచే సర్వేయరు. మెడలో ఇత్తడి దూరదర్శిని వేలాడేసుకుని, ఏ పటంలోనూ లేని చోట్లకు పోతుంటాడు. దూరదర్శినిని హిందీలో దుర్బీన్ అంటారు కాబట్టి మాకది దుర్బీన్ సిరీస్. రెండేళ్ళకొక భాగం హిందీ డబ్బింగులో వచ్చేది. వరసగా ఎడారి, సముద్రం, మంచు, గుహలు, అగ్నిపర్వతం.

ఆట వదిలాక గేటు పక్క టీ కొట్టు దగ్గర వాదన మొదలయ్యేది. ఏ భాగం గొప్పది, ఎవరి బీజీఎం గొప్పది. మా హౌస్‌ఫుల్ బోర్డు పెద్ద ఇనుప రేకు. ఏడాదికి రెండు మూడుసార్లు తప్ప దానితో పని ఉండదు. మిగతా రోజుల్లో దాన్ని తిప్పి గోడకు ఆనిస్తే, వెనక నల్లరంగు మీద సుద్దతో రెండు జాబితాలు రాసేవారు. ఎడమవైపు సినిమాల స్థానాలు, కుడివైపు మ్యూజిక్కు స్థానాలు. రాసేవాడు నర్సింగ్. చీరల పార్సిళ్ళ టెంపో నడుపుతాడు, చేతిరాత అచ్చులా ఉంటుంది, నోరు దానికంటే బాగుంటుంది.

సినిమాల జాబితా తొందరగా తేలేది. మ్యూజిక్కు జాబితా తేలేది కాదు.

"ఎడారి పార్టుల ఒంటెలు ఉర్కేటప్పుడు ఆ డప్పు ఉన్నది సూడు, దానికి ఏది సాటి రాదు," అని ఒకడు.

"అది డప్పు కాదురా, ఒంటెల కాళ్ళు," అని నర్సింగ్.

"కాళ్ళైతే తాళం ఎట్ల తప్పుతలేదు?"

"ఒంటెకు జీతమిచ్చి నేర్పిచ్చిన్రు. నీ లెక్క ఊకె ఉర్కుతదా అది?"

ఈ గొడవ చూసి, చదువుకున్నవాడివి నువ్వే నియమాలు పెట్టు శీనూ అన్నారు. నాలుగు పెట్టాను. మా హాల్లో విన్నదే లెక్క. ఇంకో ఊళ్ళోనో ఫోనులోనో విన్నది చెల్లదు. స్థానం మార్చాలనేవాడు కటింగ్ చాయ్, అంటే సగం గ్లాసు టీ, చేతిలో పట్టుకుని, అది అయిపోయేలోపు వాదన ముగించాలి. తర్వాత చేతులెత్తాలి. సమానమైతే నా మాట నెగ్గాలి.

మొదటి నియమానికి కారణం, స్పీకర్లు మారితే పోలిక తప్పుతుందని. అది ఎంతో శాస్త్రీయమని మురిసిపోయాను. ఇప్పటికీ అది సరైన నియమమే. హాలు సరిగ్గా ఉన్నంతవరకు.

ఎలుక

మూడో భాగం, మంచు పార్టు, విడుదలకు నాలుగు రోజుల ముందు తెర వెనక ఒక ఎలుక కుడి స్పీకరు తీగను కొరికేసింది. చాచా మోకాలి ఆపరేషనుకు సెలవులో ఉన్నాడు. నేనొక్కణ్ణే.

తెర వెనక ఎడమ, నడుమ, కుడి అని మూడు పెద్ద స్పీకర్లుంటాయి. మాటలు దాదాపుగా నడిమి దాంట్లోంచి వస్తాయి. మ్యూజిక్కు ఎక్కువగా ఎడమ కుడుల మీద నడుస్తుంది. ఒక పోగు మీద గుర్తు గీత ఉండే స్పీకరు తీగ ఆ రోజు బజారులో దొరకలేదు. రెండు పోగులూ నల్లగా ఉన్న మామూలు తీగ తెచ్చి అతికాను. ఆన్ చేశాను. కుడివైపు మోగింది. పని అయిందని చేతులు కడుక్కున్నాను.

ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయి. అప్పుడు ఏమవుతుందంటే, ఎడమ స్పీకరు గాలిని ముందుకు నెట్టినప్పుడు కుడిది వెనక్కి లాగుతుంది. డ్రమ్ముల్లో, పెద్ద తీగవాద్యాల్లో ఉండే బరువును అవి రెండూ ఒకదానిదొకటి తినేస్తాయి. నగారా పడితే అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. నడిమి స్పీకరు బాగానే ఉంది కాబట్టి మాటలు మాత్రం స్పష్టంగా వస్తాయి.

అందుకే మెడలు కదల్లేదు. డైలాగు పోతే జనం తిరిగి చూస్తారు. మ్యూజిక్కు పలచబడితే ఎవరూ తిరిగి చూడరు. బయటికొచ్చి, "ఏమో, ఈసారి మజా రాలే" అని టీ తాగి వెళ్ళిపోతారు.

పరీక్ష చాలా చిన్నది. తొమ్మిది వోల్టుల బ్యాటరీని తీగలకు ఒక్క క్షణం తాకిస్తే స్పీకరు కాగితం ముందుకు కదలాలి. వెనక్కి కదిలితే తారుమారైనట్టు. ఇది నాకు తెలుసు, కాలేజీ పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మోగుతున్నదాన్ని మళ్ళీ ఎందుకు పరీక్షించాలని ఊరుకున్నాను.

కుడిదిక్కు

కనకయ్య మామ మా అన్న పనిచేసే కార్ఖానాలో జాబర్. జాబర్ అంటే సాంచాలు చెడితే బాగుచేసేవాడు. మాకు చుట్టం కాదు, బస్తీలో అందరికీ మామే. దుర్బీన్ సిరీస్ అంటే ప్రాణం. మంచు పార్టు విడుదలైన వారం మేనకోడలి పెళ్ళికని కరీంనగర్ పోయి, అక్కడ తెలుగు డబ్బింగులో చూసి వచ్చాడు. వచ్చిన మర్నాడే మా హాల్లో మళ్ళీ చూశాడు. ఇంటర్వెల్‌లో కేబిన్ మెట్లెక్కి వచ్చాడు.

"శీనూ, జర కుడిదిక్కు సూడురా. ఏందో తప్పున్నది. కరీంనగర్ల మంచు పలిగినప్పుడు నా కుర్సీ కదిలింది. ఈడ సప్పుడే లేదు."

"కుడిది మోగుతనే ఉన్నది గద మామా. నేనే టెస్టు చేసిన."

"మోగుతున్నది. గని ఉల్ట మోగుతున్నది."

"సౌండు ఉల్ట ఎట్ల మోగుతది? ముప్పై ఏండ్లు సాంచాల నడుమ నిలవడ్డవ్. ఒకసారి నీ చెవులు సూపెట్టుకో."

మెట్ల మీద నలుగురైదుగురు ఉన్నారు, అందులో నర్సింగ్ ఒకడు. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు, కోప్పడలేదు. "సరే తియ్" అని దిగిపోయాడు. సాయంత్రానికల్లా ఆయన పేరు "చెవి మామ" అయింది.

నేను అక్కడితో ఆగలేదు. మూడో భాగం మ్యూజిక్కు ఎందుకు తేలిపోయిందో పన్నెండు అంశాలతో కాగితం రాశాను. మొదటి రెండు భాగాలకు చేసినాయన వేరు, దీనికి చేసినావిడ వేరు. అది చాలు నాకు. కింది స్వరాల్లో బరువు లేదు, నగారాలు వెనకబడ్డాయి, మంచు పగిలే చోట ధైర్యం చేయలేదు అని ఆవిడ మీద రాశాను. కింద సంతకం పెట్టాను. నర్సింగ్ దాన్ని బోర్డుకు అతికించాడు. మంచు పార్టుకు మూడింట మూడో స్థానం వచ్చింది. తర్వాతి భాగం రాగానే నాలుగింట నాలుగోదైంది, ఆ తర్వాత ఐదింట ఐదోది.

ఆ పన్నెండింట్లో తొమ్మిది అంశాలు నా తీగ గురించే.

పరేశ్‌భాయ్ సలహా

మూడు వారాలకు మంచు పార్టు వెళ్ళిపోయింది. చాచా చేతికర్రతో తిరిగొచ్చి, కొత్త సినిమా ఆడుతుంటే హాలు నడిమధ్య సీట్లో అయిదు నిమిషాలు కూర్చున్నాడు. పైకొచ్చి అన్నాడు: "కుడిది ఊపిరి వదలడం లేదు, పీలుస్తోంది."

బ్యాటరీ తాకించాను. కాగితం వెనక్కి కదిలింది. సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది.

"కింద టీ కొట్టు దగ్గర చెప్పెయ్," అన్నాడు చాచా. "ఇవాళ చెబితే నవ్వుతారు. ఏడాది పోయాక చెబితే తిడతారు."

పరేశ్‌భాయ్‌ని అడిగితే ఆయన చేయి ఊపాడు. "అరే ఇంజనీర్ సాబ్, కిసీనే పూఛా క్యా?" ఎవరైనా అడిగారా అని. అడగని ప్రశ్నకు జవాబు చెప్పి హాలు పేరు చెడగొట్టడమెందుకని ఆయన ఉద్దేశం. పరేశ్‌భాయ్ చెడ్డవాడు కాదు. చాచా సెలవులో ఉన్నన్ని రోజులూ ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వని మనిషి. ఆయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆయన చెప్పమన్నా చెప్పేవాణ్ణి కాదు. పన్నెండు అంశాల కాగితం కింద నా సంతకం ఉంది. టీ కొట్టు దగ్గర నా మాటకున్న విలువ నాకు మహా ఇష్టంగా ఉండేది.

విప్పి చూస్తుండు

ఆరేళ్ళు గడిచాయి. టాకీసు అమ్ముడుపోయిందని, నెల తర్వాత మూసేస్తారని పరేశ్‌భాయ్ చెప్పాడు. ఆ ఆదివారం పొద్దున మా అన్న రాజేశం ఇంట్లో కూర్చుని ఉన్నాడు. మాటల్లో కనకయ్య మామ సంగతి వచ్చింది.

మంచి జాబర్ సాంచాను విప్పకముందే వింటాడు. మామ నలభై ఎనిమిది సాంచాల మధ్య కళ్ళు మూసుకుని నిలబడి, "మూడో లైన్ల ఐదోది, నాడె పెట్టె వదులైంది" అని చెప్పేవాడు. నాడె అంటే అటూ ఇటూ పరుగెత్తి దారం వేసేది. ఆయన చెప్పాక విప్పితే అదే ఉండేది.

"ఇప్పుడు చెవితోటి చెప్తలేడురా," అన్నాడు అన్న. "విప్పి సూస్తుండు. చెవి మామ అని పేరు పడ్డంక సేఠ్‌కు గూడ అనుమానం. మామ చెప్పినంక ఇంకో జాబర్‌ను పిలిచి అడుగుతుండు. మొన్న మంచిగున్న సాంచా విప్పి పెట్టిండు, పొద్దంత ఖరాబైంది. దసరా అయినంక కొత్త జాబర్ వస్తడట. మామను మళ్ళ కూలి లెక్క సాంచా మీద నిలవెడ్తరు."

"నిజంగనే చెవులు పోయినయా మరి?"

"డాక్టర్ తానకు పోదాం పా అన్న. పోతలేడు. పోతే నిజమైతదని భయం."

మెట్ల మీద నేనన్న మాట ఆరేళ్ళ తర్వాత కూడా ఆ కార్ఖానాలో పనిచేస్తూనే ఉంది. ఉల్ట మోగుతున్నది అని చెప్పిన ఆ చెవుల్లో తప్పు లేదని లోకంలో ముగ్గురికే తెలుసు. చాచా పని మానేసి ఇంట్లో ఉన్నాడు. పరేశ్‌భాయ్ మరిచిపోయాడు. మిగిలింది నేను.

ఒక చాయ్

ఆఖరి ఆటకు దుర్బీన్ సిరీస్‌లో ఏదో ఒక భాగం వేస్తాం, మీరే తేల్చుకోండి అని పరేశ్‌భాయ్ టీ కొట్టువాళ్ళకు వదిలేశాడు. అందరూ ఎడారి పార్టు అన్నారు. నేను కటింగ్ చాయ్ తీసుకుని బోర్డు ముందు నిలబడ్డాను. కనకయ్య మామ ఓ పక్కన పార్సిల్ మూట మీద కూర్చుని ఉన్నాడు.

"స్థానం మార్చాలె," అన్నాను.

"ఏ పార్టుది?" అన్నాడు నర్సింగ్, సుద్దముక్క తీస్తూ.

"మంచుది."

"నువ్వే ముంచినవ్, నువ్వే లేపుతవా? పన్నెండు పాయింట్లు రాసినవ్ గద."

ఎలుక దగ్గర మొదలుపెట్టి చెప్పాను. తీగ, రెండు నల్ల పోగులు, బ్యాటరీ, చాచా వచ్చి కనిపెట్టడం, నేను నోరు మూసుకోవడం. సగం చాయ్ ఉండగానే అయిపోయింది.

"అంటే ఆరేండ్ల సంది మ్యూజిక్కును కాదు, నీ వైరింగును తిట్టినమన్నట్టు," అన్నాడు నర్సింగ్. "ఆ కాయితం నా పెండ్లానికి గూడ సదివి ఇనిపిచ్చిన గదరా. ఎంత చదువుకున్నడో అన్నది."

ఒకరిద్దరు నవ్వారు. ఒకాయన మాత్రం, "మామను ఎన్ని మాటలంటిమి" అని నేల చూశాడు. అప్పుడు మామ తలెత్తాడు.

"కుడిదేనా?"

"కుడిదే మామా."

"ఉల్టనేనా?"

"ఉల్టనే. నన్ను మాఫ్ చెయ్యి మామా. చెవులు సూపెట్టుకో అన్న నీతోటి."

మామ తన గ్లాసులో మిగిలిన చాయ్ తాగి కింద పెట్టాడు. "నేను గదే అన్న," అని లేచి, షేరింగ్ ఆటో ఎక్కి పోయాడు. తిడితే బాగుండేది.

నర్సింగ్ చేతులెత్తమన్నాడు. ఆఖరి ఆటకు మంచు పార్టే అని అందరూ ఎత్తారు. నర్సింగ్ ఆఖరున ఎత్తాడు. పాత సినిమాకు మళ్ళీ అనుమతి తేవాలంటే డిస్ట్రిబ్యూటరు వెంట పడాలి. పరేశ్‌భాయ్ గొణిగి, రెండు రోజులు ఫోన్లు చేసి తెచ్చాడు.

ఆఖరి ఆట

సాంచాల సెలవు రోజు, మధ్యాహ్నం ఆట. మూడు రోజుల ముందు నుంచే జాబితా రాసుకుని ఒక్కొక్కటీ చూశాను. అన్ని స్పీకర్లకూ బ్యాటరీ తాకించాను. చాచాను ఆటోలో తీసుకొచ్చి నడిమధ్య సీట్లో కూర్చోబెడితే, విని తలూపాడు.

హాలు నిండింది. బోర్డును ఏడాది తర్వాత ముందువైపుకు తిప్పాల్సి వచ్చింది. జనానికి హౌస్‌ఫుల్ కనపడింది, జాబితాలు గోడను చూశాయి.

నలభై నిమిషాలకు మంచు పగిలే ఘట్టం. సర్వేయరు గడ్డకట్టిన సరస్సు మీద ఒంటరిగా ఉంటాడు. ముందు ఒక్క తీగవాద్యం సన్నగా సాగుతుంది. తర్వాత నగారాలు. నేను బొమ్మ చూడలేదు. నగారా పడగానే నాలుగు వందల మెడలు ఒక్కసారిగా వెనక్కి వెళ్ళి సీట్లకు ఆనుకున్నాయి. పదకొండేళ్ళలో ఆ కదలిక నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ధైర్యం చేయలేదని రాసినవాణ్ణి నేనే.

వెనక నుంచి ఐదో వరసలో కనకయ్య మామ మెడ మాత్రం వెనక్కి పోలేదు. కొంచెం ఎడమకు వంగి ఉంది.

ఇంటర్వెల్‌లో ఆయన మెట్లెక్కి వచ్చాడు. ఈసారి తలుపు దగ్గరే ఆగాడు.

"ఏం లేదురా. మంచిగున్నది. చెప్పిపోదామని వచ్చిన."

"ఏ పక్క మామా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. "జర కోపానికి రాకు."

"రాను. ఏ పక్క?"

"ఎడమ. తెర ఎనుక. పెద్ద నగారా పడ్డప్పుడే, సన్నగ కటకట అంటున్నది. నా చెవులే అంటున్నయో ఏమో."

నాకు వినపడలేదు. నడిమధ్య కూర్చున్న చాచాకూ వినపడలేదు. టార్చి, స్క్రూడ్రైవరు తీసుకుని, మామను కూడా తెర వెనక్కి తీసుకుపోయాను. ఎడమ పెట్టె మీద పిడికిలితో గట్టిగా కొట్టాను. కటకట. వెనక రేకు స్క్రూ ఒకటి సగం ఊడి ఉంది. బ్యాటరీతో అన్నీ చూశాను, స్క్రూలు చూడలేదు. అవి నా జాబితాలో లేవు.

"గదే," అన్నాడు మామ.

బిగించాను. ఆయన అరచెయ్యి పెట్టె మీద ఆనించి, "ఇంకోసారి కొట్టు" అన్నాడు. కొట్టాను. బరువైన ఒకే చప్పుడు. మామ నవ్వాడు. టార్చి వెలుగులో కాసేపు అలాగే నవ్వుతూ నిలబడ్డాడు.

"ఇగ నడుపు."

ఆట వదిలాక నర్సింగ్ బోర్డు తిప్పి, మ్యూజిక్కు జాబితా మొత్తం తుడిచేశాడు. తెర వెనక మామ ఏం పట్టుకున్నాడో అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

"చెప్పు మామా. మంచు పార్టు ఫస్టేనా?"

"ఎవలన్నరు?"

"నువ్వే గద, ఆరేండ్ల సంది."

"నేను ఫస్టు అన్ననా? కుడిది తప్పున్నది అన్న. మ్యూజిక్కుల ఎడారిదే మొదలు. ఆ ఒంటెలు ఉర్కేది."

"ఒంటెల కాళ్ళు," అన్నాడు నర్సింగ్.

"డప్పు," అన్నాడు మామ. "నా చెవులతోటి చెప్తున్న, డప్పు."

ఎవరూ నవ్వలేదు. నర్సింగ్ కూడా ఎదురు చెప్పలేదు. ఒక్క చేతి తేడాతో మంచు పార్టు రెండో స్థానానికి వచ్చింది. పన్నెండు అంశాల కాగితం ఇచ్చెయ్యమని అడిగితే నర్సింగ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నా దగ్గరనే ఉండాలె. నువ్వెన్నడన్న ఎక్కువ మాట్లాడితే తీసి సూపెడ్త."

ఇప్పుడు

కొత్తగా చేరిన మీ ఇద్దరికీ నేను చెప్పగలిగింది ఇంతే. ప్రేక్షకుడు ఫిర్యాదు చేయడం వేరు, అభిప్రాయం చెప్పడం వేరు. అభిప్రాయంతో వాదించండి, దానికి టీ కొట్టుంది. ఫిర్యాదుతో వాదించకండి, వెళ్ళి చూడండి. రెండూ ఒకే మనిషి నోటి నుంచి, ఒకే వాక్యంలో వస్తాయి కాబట్టి విడదీయడం మొదట్లో కష్టం. నేను ఆరేళ్ళు విడదీయలేకపోయాను. తప్పు తెలిసిన రోజే చెప్పండి. చాచా చెప్పినట్టు, ఆ రోజైతే నవ్వుతారు, అంతే. మీ జేబులో తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంచుకోండి.

నేనిప్పుడు సాంచాలకు సెన్సార్లు బిగించే కంపెనీలో ఉన్నాను. దారం తెగితే సాంచాను ఆపే చిన్న పరికరాలు అవి. దీపావళి తర్వాత ఒక రోజు మా అన్న కార్ఖానాకు పోవాల్సి వచ్చింది. కొత్త జాబర్ ఎవరూ రాలేదు. తెర వెనక సంగతి నర్సింగ్ తన టెంపోతోపాటు బజారంతా తిప్పాడు. అది సేఠ్ దాకా చేరింది.

ఒక వరసలో సాంచాలు ఊరికే ఆగిపోతున్నాయి. ల్యాప్‌టాప్ పెట్టి చూశాను. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కనకయ్య మామ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. నేను ల్యాప్‌టాప్ మూశాను.

"ఏ పక్క మామా?" ఆ మోతలో గట్టిగా అరవాల్సి వచ్చింది.

ఆయన చేయి ఎత్తి ఆగమన్నాడు. సాంచాల నడిమధ్యకు పోయి కళ్ళు మూసుకున్నాడు. నేను ఆయన మెడ చూస్తూ నిలబడ్డాను. కాసేపు అది కదల్లేదు. తర్వాత మెల్లగా కుడివైపు తిరిగింది. నేను పనిముట్ల పెట్టె తీసుకుని అటు నడిచాను.